గాలి రోజుల్లో ఇప్ప

కార్తీకం 3

తెల్ల దట్టంగా ఉంది. చెయ్యి చాపితే వేళ్ళు కనబడటం లేదు. గాలి లేదు. మబ్బులోంచి నీళ్ళు పట్టే వలల్లో మూడోదాని కింది అంచు విడిపోతే కుట్టాను. నాలుగు వలలకూ కలిపి పదహారు కుండల నీళ్ళు దిగాయి.

నా కుక్క ఇప్ప రెండు పూటలా తింది. తిన్నాక రెండు పూటలా ఎనిమిదేసి గీతల ఇన్సులిన్. చక్కెర జబ్బు బయటపడి ఈ రోజుకు తొంభై నాలుగు రోజులు. కళ్ళు పూర్తిగా పాలరంగుకు తిరిగాయి. చూపు పోతుందని డాక్టరమ్మ ముందే చెప్పింది. మబ్బు కిందికి దిగి ముప్పై రెండేళ్ళయింది, దాన్నే తెల్ల అంటాం. ఈ కొండమీద అందరం దాని కడుపులోనే బతుకుతున్నాం. కళ్ళతో పని తక్కువ. నేనూ తాడు పట్టుకుని, పాదాలతో తడుముకుంటూ, వాసనను బట్టే తిరుగుతాను. కనుక ఆ కబురు నన్ను పెద్దగా తాకలేదు.

ఇంట్లో ఊపిరి చప్పుళ్ళు రెండు. అవి రెండుగానే ఉండాలని నా కోరిక. ఆ సంగతి ఇంతకు మించి ఈ పుస్తకంలో రాయను.

కార్తీకం 6

గాలి. ఊళ్ళో పొద్దున్న కొట్టే మొదటి గంట మోగక ముందే మొదలైంది. గాలి రోజున వలలు వదులు చెయ్యకపోతే చిరిగిపోతాయి. ఇప్పకు తిండి పెట్టకుండానే పరిగెత్తాను. వలల పని ముగించి తిరిగొచ్చేసరికి రెండో గంట దాటింది. దాని గిన్నె మూల బోర్లపడి ఉంది. ఆకలికి తన్నేసినట్టుంది. జొన్నసంకటి, ఎండుచేప కలిపి పెట్టాను. సగం తిని వదిలేసింది. సూది వేశాను, ఎనిమిది గీతలు.

మధ్యాహ్నం కాకముందే దాని వెనక కాళ్ళు తూలాయి. గోడను నాకింది. నేను పేరు పెట్టి పిలిస్తే నాకు ఎదురుదిక్కుకు తల తిప్పింది. తర్వాత పక్కకు ఒరిగి, నాలుగు కాళ్ళతో ఈదడం మొదలుపెట్టింది. దవడ బిగుసుకుపోయింది. నోటి నుంచి నురగ. తెల్ల గుమ్మంలోంచి లోపలికొచ్చి దాని చుట్టూ నిలబడింది. నేల మీద కుక్క కాక, ఎక్కడో లోతు నీళ్ళలో కుక్క ఏదో ఒడ్డుకు ఈదుతున్నట్టు ఉంది. నేను ఏమీ చెయ్యలేక అంకెలు లెక్కపెట్టాను. నూట పదికి ఆగింది.

లేచాక నన్ను గుర్తుపట్టలేదు. గదిలో గుండ్రంగా తిరిగింది. చాలాసేపటికి నా పాదం వాసన చూసి దాని మీద తల పెట్టుకుంది.

వలల నీళ్ళు పదకొండు కుండలు.

కార్తీకం 7

తెల్ల మామూలు. గాలి లేదు. గడప మీద చిన్న గిన్నెలో బెల్లం పాకం, పైన అడ్డాకు మూత. ఎవరు పెట్టారో తెలియదు. తెలుసుకోకూడదు. తెల్లలో చేసింది తెల్లలోనే ఉండాలి. ఇప్ప పడిపోయిన చప్పుడు ఎవరో విన్నారు, అంతే. గిన్నె ఖాళీ చేసి, కడిగి, గడప మీదే పెట్టాను. సాయంత్రానికి లేదు.

బుట్టల స్టేషనుకు వెళ్ళాను. కింది కొండల నుంచి తీగ మీద సరుకుల బుట్టలొచ్చేది అక్కడికే. మాకున్న ఒకే ఫోను అక్కడ ఉంది. దాన్ని చూసే నరసింగు నాకు వరసకు బావమరిది, ఊరికంతా నోరు.

"ఏటి బావా, నువ్వు మాటాడ్డానికొచ్చినావా? ఆగాగు, రోజు రాసుకుంటాను" అన్నాడు.

ఫోనులో డాక్టరమ్మ సుభాషిణి గారు దొరికారు. అంతా విని అడిగారు. "మందు వేసిన ఎంతసేపటికి పడింది?"

"మూడు గంటలకి."

"ఇన్సులిన్ ఎక్కువైతే ఒంట్లో చక్కెర పడిపోతుంది. అప్పుడే ఇలా మూర్ఛ వస్తుంది. ఈసారి తూలడం మొదలవగానే పాకం చిగుళ్ళకు రాయండి. గొంతులో పోయకండి, పళ్ళ మధ్య వేలు పెట్టకండి. అంత తెల్లలో సిరంజి గీతలు మీకు కనబడుతున్నాయా?"

"కనబడక్కర్లేదండి. ఎనిమిది దగ్గర గంటు పెట్టుకున్నాను. బొటనవేలికి తగుల్తాది."

"రెండు రోజులు ఆరు గీతలు వేసి చూడండి. ఇంకో మాట. వేశామా లేదా అని అనుమానం వస్తే ఆ పూట మానెయ్యండి. ఒక పూట మందు పడకపోతే కుక్క చావదు. రెండుసార్లు పడితే చస్తుంది."

నాకు అనుమానం రాదని చెప్పాలనుకున్నాను. ఫోను పెట్టేశాను.

కార్తీకం 10

తెల్ల మామూలు. రెండో వల గొట్టంలో నాచు తీశాను. ఆరు గీతలకు ఇప్పకు దాహం పెరిగింది. కుండెడు నీళ్ళు తాగి ఇల్లంతా తడిపింది. డాక్టరమ్మకు చెబితే మళ్ళీ ఎనిమిదికే వెళ్ళమంది.

కార్తీకం 12

గాలి. గంటకు ముందే వలల దగ్గరికి. తిరిగొచ్చేసరికి గిన్నె బోర్లా ఉంది. పెట్టాను. కొంచెం తింది. ఎనిమిది గీతలు. మధ్యాహ్నానికి మూర్ఛ. పాకం రాశాను. నూట ముప్పైకి ఆగింది.

కార్తీకం 15

ఈ రోజు తెల్ల పలచబడింది. వలల పని వదిలేసి వాకిట్లో కూర్చున్నాను. తల పైన ఎక్కడో సూర్యుడు ఉన్నాడని చర్మానికి తెలిసింది. కాసేపటికి నా పక్కన నేల మీద బూడిదరంగు మరక ఒకటి పడింది. నేను కదిలితే కదిలింది. నా నీడ. నాలుగేళ్ళ తర్వాత చూశాను. దాని పక్కన ఇంకో చిన్న మరక, చెవులతో. ఇప్పకు కనబడదు కదా, అయినా తన నీడ పడిన చోటే ముక్కు పెట్టి వాసన చూసింది. అక్కడి మట్టి చల్లగా ఉండి ఉంటుంది. తర్వాత వెచ్చగా ఉన్న చోటికి జరిగి పడుకుంది. నిద్రలో కాళ్ళు కదిపింది. నేను పాకం గిన్నె అందుకున్నాను. మూర్ఛ కాదు. ఉత్త కల. దేని వెంటో పరిగెత్తుతోంది.

నీళ్ళు రెండు కుండలే. అయినా మంచి రోజు.

కార్తీకం 17

గాలి. గిన్నె బోర్లా ఉంది. తిండి, ఎనిమిది గీతలు. మధ్యాహ్నం మూర్ఛ, నూట తొంభై.

సాయంత్రం స్టేషనులో నరసింగు, "బావా, దానికి గాలి సోకిందోయ్. గుమ్మానికి నిమ్మకాయ కట్టు" అన్నాడు. నేను నవ్వలేదు. ఇంటికొచ్చి ఈ పుస్తకం వెనక్కి తిప్పాను. గాలి లేని రోజు ఒక్కసారీ పడలేదు. గాలి ఉన్న రోజు పడకుండా లేదు. లెక్క నరసింగు పక్షానే ఉంది. నిమ్మకాయ కట్టాను.

కార్తీకం 21

గాలి. గిన్నె బోర్లా ఉంది. కట్టిన నిమ్మకాయ రాలిపోయింది. తిండి, ఎనిమిది గీతలు.

ఈసారి మూర్ఛ నాలుగు వందల అంకెలు దాటాక లెక్క తప్పాను. ఆగినట్టే ఆగి మళ్ళీ మొదలైంది. పాకం రాస్తూనే ఉన్నాను. చిగుళ్ళు చల్లగా ఉన్నాయి. దాని గుండె నా అరచేతిలో దారం వదిలిన బొంగరంలా తిరిగింది. చివరికి పెద్ద నిట్టూర్పు విడిచి మెత్తబడింది. పోయిందనుకున్నాను. తెల్ల వచ్చి మమ్మల్నిద్దరినీ కప్పింది. ఆ కప్పు కింద ఎంతసేపున్నామో రాయలేను.

సాయంత్రానికి నీళ్ళు తాగింది. ఈ పూటకు మందు మానమని ఫోనులో డాక్టరమ్మ అంది. "తవిటయ్య గారూ, ఇంకొకటి ఇలాంటిది వస్తే అది తట్టుకోకపోవచ్చు. మీ లెక్క మళ్ళీ చూసుకోండి."

నా లెక్క.

కార్తీకం 22

తెల్ల దట్టం. గాలి లేదు. ఒకటో వల కర్ర మార్చాలి, మార్చలేదు. సీసా ముందు పెట్టుకుని కూర్చున్నాను.

అమావాస్య బుట్టలో వచ్చిన సీసా. నాలుగు వందల గీతల మందు. పది గీతలకొకటిగా దానికి సున్నంతో నేనే గుర్తులు పెట్టాను. తగ్గించిన పూటలూ మానిన పూటలూ తీసేసి కట్టాను. రెండోసారి కట్టాను. ఉండాల్సిన దానికన్నా ముప్పై రెండు గీతలు తక్కువ ఉంది. కారలేదు. తడి ఇసుకలో కుండలోనే ఉంది, మూత బిగువుగానే ఉంది.

ముప్పై రెండు. నాలుగు ఎనిమిదులు. నాలుగు గాలి రోజులు.

గాలి రోజున నేను గంటకు ముందే వెళ్ళిపోతాను. నా బూట్ల చప్పుడు చుట్టుపక్కల ఇళ్ళకు వినబడుతుంది. ఎవరో నా వెనకే లోపలికొచ్చి, ఇప్పకు తిండి పెట్టి, మందు వేసి వెళుతున్నారు. నేను తిరిగొచ్చి మళ్ళీ వేస్తున్నాను. నిమ్మకాయ తీసి పారేశాను.

సూది వెయ్యడం, చక్కెర పడితే బెల్లం పాకం అవసరమని తెలియడం, రెండూ ఈ ఇళ్ళ వరసలో ఒక్కరికే కుదురుతాయి. పై ఇంటి గవరమ్మప్ప, నాకు అక్క వరస. వాళ్ళాయన రామునాయుడు చక్కెర జబ్బుతో పదకొండేళ్ళు ఉండి పోయాడు. ఆయనకు సూది వేసింది ఆవిడే.

తెలిసింది. కానీ అడగడం ఎలా. మబ్బు దిగిన మొదటి ఏళ్ళలో, ఎవరు ఎవరికి ఎంత చేశారన్న మాట మీద ఈ కొండ రెండు ముక్కలయ్యింది. అప్పటి పెద్దలు పెట్టిన కట్టుబాటు ఇది. చేసినవాడు చెప్పడు, పొందినవాడు అడగడు. తన ఇంటి కప్పు ఎవరు నేశారని పదేళ్ళ కిందట అప్పన్న ఇంటింటా అడిగాడు. ఆ తర్వాత అతని గడప ఎవరూ తొక్కలేదు. చివరికి కింది కొండకు దిగిపోయాడు.

సీసా దాచెయ్యవచ్చు. నీ సాయం నాకొద్దని మొహాన చెప్పినట్టే అవుతుంది. పలక మీద రాసి పెట్టవచ్చు. అప్పకు చదువు రాదు. గాలి రోజున నేనే మానేసి, ఆవిడ వేసే ఉంటుందని నమ్మవచ్చు. ఆవిడ కాళ్ళ నొప్పులతో రాని రోజున? ఈ వారం దాటితే గాలి రుతువు. పదేసి రోజులు వరసగా వీస్తుంది.

కార్తీకం 23

తెల్ల మామూలు. పొద్దున్న పై ఇంటికి వెళ్ళాను. గవరమ్మప్ప చింతపండు ఈనెలు తీస్తోంది. వాసనను బట్టి తెలిసింది.

"ఎవరది? తమ్ముడా? కూకో. నువ్వు మా గుమ్మం తొక్కి ఎన్నాళ్ళయిందిరా. మాటలు కొనుక్కోడానికొచ్చినావా?"

కూర్చున్నాను.

"అప్పా, ఇప్ప పడిపోతోంది."

"ఇన్నాను. పాపం నోరునేని జంతువు."

"మందు రెండుసార్లు పడతంది దానికి. గాలి రోజున."

ఈనెలు తీసే చప్పుడు ఆగింది.

"నాకేటి తెలుసు? నా కాళ్ళు సూడు, గడప దాటితే ఒట్టు. నువ్వేటి, నన్నడుగుతున్నావా?"

"అడగట్లేదప్పా. చెప్తున్నాను. రెండు మంచిపనులు ఒక ఒంట్లో పడ్డాయి. నేనొకటి, ఇంకెవరో ఒకటి. మొన్న పోయిందే అనుకున్నాను."

"అయితే ఆ ఎవరో మడిసిదే తప్పంటావా?" ఆవిడ గొంతు పెరిగింది. "గిన్నె బోర్లించి ఎడితే తెల్దా మడిసికి? మా ఆయన మందు పడ్డదంటే గళాసు బోర్లించీవోళ్ళం, ఇంట్లో పిల్లలక్కూడా తెలిసీది..."

అక్కడ ఆగిపోయింది. తెల్ల మా మధ్య నుంచి వెళుతూ ఉంది. నేను ఈ పుస్తకంలో నాలుగుసార్లు నా చేత్తో రాశాను, గిన్నె బోర్లా ఉందని. ఆకలికి తన్నేసిందని రాశాను.

"ఎల్లిపో" అంది చివరికి. "నువ్వడిగినావు. నానన్నాను. ఇద్దరం సెడ్డాం. ఎల్లిపోరా."

లేచాను. తాడు దొరకడానికి చాలాసేపు పట్టింది.

కార్తీకం 25

తెల్ల దట్టం. ఒకటో వల కర్ర మార్చాను. ఒక్కడినే పట్టుకోవడం కష్టమైంది. ఎప్పుడూ అవతలి కొన ఎవరో పట్టుకునేవాళ్ళు. ఈసారి అడుగుల చప్పుడు దగ్గరికొచ్చి పక్కకు తప్పుకుని పోయింది.

మాట పాకినట్టుంది. ఎవరు మోశారో తెలియదు. నరసింగు కొత్త సీసా ఇస్తూ కొంచెం సేపు ఊరుకున్నాడు. అతను ఊరుకోవడం నేను వినలేదు ఎప్పుడూ.

"అడిగినావంట గదా బావా."

"చెప్పాను."

"రెండూ ఒకటే అంటన్నారు మరి."

ఇప్ప బాగుంది. రెండు పూటలా ఎనిమిదేసి. పై ఇంటి నుంచి దగ్గు వినబడుతోంది. ఎప్పుడూ దగ్గాక "శివ శివా" అంటుంది. ఇప్పుడు అనడం లేదు.

కార్తీకం 28

గాలి. ఇంకా వీస్తూనే ఉంది. మొదటి గంటకు ముందే వలలు వదులు చేశాను. నాలుగో వల మూల చిరిగింది. తిరిగొచ్చి ఈ పుస్తకం తెరిచాను. ఇప్పుడు జరుగుతున్నది ఇప్పుడే రాస్తున్నాను. ముందెప్పుడూ ఇలా రాయలేదు.

గిన్నె బోర్లా ఉంది.

కానీ మొన్న గాలి లేని రోజున ఇప్ప తనే ముక్కుతో నెట్టి గిన్నె తిరగేసింది. నేను చూశాను. దాని మూతి తడిగా ఉంది. నీళ్ళు తాగినా తడిగానే ఉంటుంది. నోటి దగ్గర ముక్కు పెట్టాను. చేప వాసన. రాత్రి తిన్నదీ చేపే. సీసా తీశాను. ఎనిమిది గీతలంటే సీసాలో వెంట్రుక మందం. తెల్లలో తేల్చలేను. గిన్నె పెట్టమని నా మోకాలిని పొడుస్తోంది. ఈ జబ్బు కుక్కకు ఎప్పుడూ ఆకలే, అది సాక్ష్యం కాదు.

అప్ప వచ్చిందా? ఎల్లిపో అన్న మనిషి ఎందుకొస్తుంది? రాకపోతే ఇప్ప తిననూ లేదు, మందూ పడలేదు. వచ్చి ఉంటే, నేను ఇప్పుడు వేసే ఎనిమిది గీతలు దాన్ని చంపుతాయి. అనుమానముంటే మానమంది డాక్టరమ్మ. ఈ పూటకు మానతాను. రేపూ గాలే. ఎల్లుండీ గాలే. ఎన్ని పూటలు మానాలి? సిరంజి చేతిలో ఉంది. గంటు బొటనవేలికి తగులుతోంది.

సిరంజి కింద పెట్టాను. ఎందుకో రాస్తాను.

పై ఇంటి గుమ్మంలోంచి కేక. గాలిని దాటుకుని వచ్చింది.

"తవిటయ్యా! ఒరే తమ్ముడా! నానేసీసినానురా! కుక్కకి కూడెట్టి, ఎనిమిది గీతలూ ఏసీసినాను! మరి పొడిసీకు!"

ఇప్ప చెవులు నిక్కబొడుచుకుంది. నేను గుమ్మంలోకి వెళ్ళాను. కొండమీద ప్రతి ఇంట్లోనూ పని ఆగిపోయింది. రోకలి ఆగింది. ఎవరో నీళ్ళు పోస్తున్న చప్పుడు మధ్యలో ఆగింది. గాలి ఒక్కటే.

"ఇన్నావా నేదా?"

"విన్నానప్పా!" అన్నాను. నా గొంతు అంత దూరం వెళుతుందని నాకు తెలియదు.

"అందరూ ఇన్నారా?" అంది ఆవిడ. "ఇనండి. నానే సేసినాను, నానే సెప్తన్నాను. ఆరోజు పాకం ఎట్టింది కూడా నానే, మొన్న నాలుగుసార్లూ నానే. సెప్పకపోడం వల్ల ఆ పేణం పోబోయింది. కట్టు తప్పినానంటే నా గడప తొక్కకండి. ముసిల్దాన్ని, నాకేటి భయం!"

ఎవరూ పలకలేదు. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను, మూర్ఛప్పుడు లెక్కపెట్టినట్టే. నలభై దాకా వచ్చాను.

అప్పుడు కింది నుంచి నరసింగు గొంతు.

"బావా! నీ రెండో వల తాడు పోయినేడు మార్సినోడు నానే! నాకు కడుపులో దాసుకోనేక సచ్చిపోతన్నాను!"

ఎవరో ఫక్కున నవ్వారు. ఎడమ వైపు నుంచి ఒక ఆడగొంతు, ఎవరిదో పోల్చుకోలేకపోయాను, "నారాయణమ్మొదినా, నీ మేకని ఇప్పేసింది నానే!" అంది.

"ఓలమ్మో, అది మేలా?" అని నారాయణమ్మ కేక.

"మేలు కాదుగానీ, అందరూ సెప్తంటే నోరాగనేదు!"

నవ్వు తెల్లలో ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి పాకింది. మనుషులు కనబడరు. వాళ్ళ నవ్వులు మాత్రం ఎక్కడెక్కడ ఏ ఇల్లుందో చూపిస్తూ పోయాయి. ఇన్నేళ్ళలో ఈ కొండ ఆకారం నాకు ఇంత తేటగా ఎప్పుడూ తెలియలేదు.

"తమ్ముడా" అంది అప్ప, ఇప్పుడు మామూలు గొంతుతో. తాడు పట్టుకుని దిగివస్తున్నట్టుంది. "రాస్కుంటావు గదా రోజూ. రాస్కో. ఊరికే ఎవరో అని రాయీకు. పేరెట్టి రాయి."

ఇప్ప ముందే తోక ఊపుతూ గుమ్మంలో నిలబడింది. గాలి లేని రోజున నేనే వేస్తాను. గాలి రోజున అప్ప వేసి, కేక వేస్తుంది. కేక రాకపోతే అప్ప రాలేదని అర్థం, అప్పుడు నేను వేస్తాను. ఇది ఇద్దరం కూర్చుని మాట్లాడుకోవాలి.

ఉదయం మందు: ఎనిమిది గీతలు. వేసినది గవరమ్మ.

నాలుగో వల మూల చిరిగింది, కుట్టాలి. ఈ పూట నీళ్ళు, నాలుగు వలలకూ కలిపి... అప్ప గుమ్మంలోకి వచ్చింది, లెక్క తర్వాత రాస్తాను.